బొచ్చుకుక్కా? బుంగమూతి కుక్కా?



పోయిన నెల మా కోడలు ఫోను చేసింది. "అత్తయ్యా, పాప కుక్కపిల్ల కావాలని ఒకటే గోల. పెద్ద కుక్కలకి మా ఫ్లాటులో చోటు లేదు. చిన్నవాటిలో పమేరియన్ మంచిదా, పగ్ మంచిదా? మీరు చిన్నప్పుడు కుక్కని పెంచారుగదా, చెప్పండి" అని అడిగింది. ఈ పూట ఏం కూర వండమంటారు అని అడిగినంత తేలిగ్గా అడిగేసింది. నేను మాత్రం "రేపు చెప్తానమ్మా" అని ఫోను పెట్టేశాను. ఆ రేపు రావడానికి వారం పట్టింది. ఎందుకంటారా? ఆ రెండు కుక్కలనూ నేను మా పుట్టింట్లో, త్రిపురాంతకంలో, చూశాను. ఒకటి మా ఇంట్లో పన్నెండేళ్ళు బతికింది. రెండోది ఒక్క పూట ఉంది.

ఆ సంగతి చెప్పేముందు వాటి పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చూద్దాం. పెళ్ళి సంబంధానికి ఏడు తరాలు చూడమన్నారు పెద్దలు. పది పదిహేనేళ్ళు మన గడపలో తిరిగే ప్రాణికి రెండు తరాలైనా చూడొద్దూ?

ముందు బొచ్చుకుక్క. తెల్లగా దూదిపింజలా ఉండి, తోక వీపుమీదికి చుట్టుకుని, నక్కమూతి వేసుకుని గేటు దగ్గర నుంచుంటుందే, దాన్నే మనం పమేరియన్ అంటాం. పమేరేనియా అనేది బాల్టిక్ సముద్రపు ఒడ్డున ఒక ప్రాంతం. ఇవాళ దానిలో ఎక్కువ భాగం పోలండులోనూ కొంత జర్మనీలోనూ ఉంది. జర్మనీవాళ్ళు ఈ జాతిని స్పిట్జ్ అంటారు. మొనదేలినది అని ఆ మాటకర్థం. మూతీ చెవులూ మొనదేలి ఉంటాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. మొదట్లో ఇది రాజుల కుక్కేమీ కాదు, పనికుక్క. రైతు ఇంటి దగ్గర, ద్రాక్షతోట దగ్గర, బండిమీది సరుకు దగ్గర కాపలా ఉండేది. కొత్తవాడు కనిపిస్తే అరవడమే దాని ఉద్యోగం. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

దీన్ని రాజుల ఇంటికి తెచ్చింది ఒక ఆడపడుచు. 1761లో ఇంగ్లండు రాజు మూడో జార్జిని పెళ్ళాడిన షార్లెట్ రాణి, ఆ పమేరేనియా పక్కనే ఉన్న ఒక చిన్న సంస్థానం పిల్ల. 1767లో ఆవిడ తన పుట్టింటి వైపునించి రెండు కుక్కల్ని తెప్పించుకుంది. వాటి పేర్లు కూడా చరిత్రలో నిలిచాయి, ఫీబీ, మెర్క్యురీ అని. పెళ్ళయి ఆరేళ్ళయినా పుట్టింటి కుక్కమీద మనసు పోయిందంటే చూడండి, రాణి అయితేనేం, ఆడపిల్లేగదా అనిపించింది నాకు. ఆ కాలంలోనే గెయిన్స్‌బరో అనే చిత్రకారుడు ఇలాంటి తెల్లకుక్కనీ దాని పిల్లనీ బొమ్మ వేశాడు. అది ఒళ్ళో ఇమిడే కుక్క కాదు. అప్పటి పమేరియన్లు పది కిలోలకి పైమాటే.

మరి ఇంత చిన్నదెట్లా అయింది? షార్లెట్ రాణి మనవరాలు విక్టోరియా రాణి చేసిన పని అది. 1888లో ఆవిడ ఇటలీ దేశంలో ఫ్లోరెన్సు నగరానికి వెళ్ళినప్పుడు అక్కడి చిన్నరకం పమేరియన్లని చూసి ముచ్చటపడి తెచ్చుకుంది. వాటిలో మార్కో అనేది రాణికి ప్రాణం. 1891లో కుక్కల ప్రదర్శనకి కూడా పంపింది. రాణిగారి దగ్గర చిన్నది ఉంటే ఊళ్ళోవాళ్ళకి పెద్దది ఎందుకు నచ్చుతుంది? మనలో మనమాట, ఒకావిడ కట్టిన చీర అంచు చూసి వీధంతా అదే అంచు కొనడం మనకి తెలియనిదా! చిన్నవాటిని చిన్నవాటితో జతకట్టించి, వాటిలోనూ చిన్నవాటిని ఏరి, చివరికి రెండు కిలోల కుక్కని చేసి పెట్టారు. 1901 జనవరి 22న విక్టోరియా రాణి పోయేటప్పుడు ఆవిడ మంచంమీద ఉన్నది కూడా టురీ అనే పమేరియనే.

అయితే ఒక తమాషా. మనదేశంలో మనం పమేరియన్ అని పిలుస్తున్న కుక్క నిజానికి ఆ రెండు కిలోల పమేరియన్ కాదు. దొరల కాలంలో ఇక్కడికి వచ్చిన స్పిట్జ్ కుక్కలు ఈ గడ్డమీదే ఈని, పెరిగి, ఒక జాతిగా నిలబడ్డాయి. కుక్కల సంఘంవాళ్ళు దీన్ని ఇండియన్ స్పిట్జ్ అంటారు. చిన్నరకమైతే అయిదు నించి ఏడు కిలోలు తూగుతుంది. మూతి పొడుగ్గానే ఉంటుంది. అక్కడి ఫ్యాషను దీని ఒంటిమీదికి అంతగా రాలేదన్నమాట.

మా ఇంటికి ఇది ఎట్లా వచ్చిందో చెప్తాను. త్రిపురాంతకం పేరు మీరందరూ వినే ఉంటారు. శ్రీశైలానికి నాలుగు ద్వారాలుంటే తూర్పు ద్వారం మాదే. కొండమీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలాత్రిపురసుందరి. నా చిన్నతనంలో మా ఊరు కర్నూలు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా పెట్టినప్పుడు ఇటు కలిశాం. ఆ జిల్లాకే తరవాత ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. మాకు దగ్గరలోనే దొనకొండ ఉంది. గుంటూరు, గుంతకల్లు మధ్య మీటరు గేజి రైలు నడిచే రోజుల్లో దొనకొండ అంటే పెద్ద రైల్వే స్థావరం. ఇంజన్లు, కార్మికులు, కాలనీలు, ఆ కాలనీల్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. అట్లాంటి కుటుంబం ఒకటి ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ తమ కుక్కపిల్లని ఎవరికైనా ఇచ్చిపోదామని చూస్తుంటే, మా నాన్నగారు ఒక బుట్టలో పెట్టుకుని తెచ్చేశారు. దానికి జిమ్మీ అని వాళ్ళే పేరు పెట్టారు. మేం మార్చలేదు.

బుట్టలోంచి దించగానే మా నాయనమ్మ వేసిన మొదటి ప్రశ్న, "దీన్ని యాడ పెడతావురా?" అని. ఆవిడది మడి. కుక్క వంటింటి గడప దాటకూడదు, పూజగది వైపు చూడకూడదు. కాని అన్నం వార్చగానే మొదటి ముద్ద కాకికి, రెండోముద్ద కుక్కకి పెట్టే చెయ్యి కూడా ఆవిడదే. "శివుడి కొండ కింద ఉంటూ కుక్కని కొడితే ఎట్లారా, కాలభైరవుడి వాహనం గదా" అనేది. మన భారతం కూడా కుక్కతోనే మొదలై కుక్కతోనే ముగుస్తుందని నాకు చెప్పింది ఆవిడే. ఆదిపర్వంలో జనమేజయుడి తమ్ముళ్ళు కుక్కపిల్లని ఊరికే కొడితే దాని తల్లి సరమ వచ్చి నిలదీస్తుంది. చివర ధర్మరాజు కుక్కని వదిలి స్వర్గానికి రానంటాడు. ఆవిడ బడికి వెళ్ళిన మనిషి కాదు. పురాణ కాలక్షేపాల్లో విన్నదే.

జిమ్మీ గుణగణాలు దాచకుండా చెప్పుకోవాలి. తెలివి, చురుకు, ఇంటిమీద ప్రాణం. పిల్లలం బడినించి వచ్చే వేళకి వీధి మలుపులో ఉండేది. కాని అరుపు! పాలవాడు వస్తే అరుపు, పోస్టుమాన్ వస్తే అరుపు, ఆకు రాలితే అరుపు. పక్కింటి పిన్నిగారు "మీ జిమ్మీ కొంచెం ఊపిరి పీల్చుకుంటే నేనూ పీల్చుకుంటానమ్మా" అనేది. అప్పుడు విసుక్కునేవాళ్ళం గాని, ఇందాక చెప్పానే, దాని తాతముత్తాతలు తోటల దగ్గర చేసిన ఉద్యోగమే అది చేసింది. కుక్క పని కుక్క చేస్తే మనం కోప్పడి లాభమేముంది?

దానికంటే పెద్ద సంగతి, మా తమ్ముణ్ణి కరిచింది. అన్నం తింటున్నప్పుడు వాడు గిన్నె లాగాడు. అంతే. వేలుమీద రెండు గాట్లు. ఇవాళయితే చేతికి నాలుగైదు సూదులతో పోతుంది. అప్పుడు బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లు. గొర్రె మెదడులో పెంచి చేసిన మందు అది. 1911లో డేవిడ్ సెంపుల్ అనే డాక్టరు కసౌలీలో తయారుచేసిన పద్ధతి. మన దేశంలో 2000 సంవత్సరం దాటాక కూడా కొన్నేళ్ళు అదే వాడారంటే నమ్మండి. వాణ్ణి రోజూ బస్సెక్కించి తీసుకెళ్ళేది మా అమ్మ. ఆ 14 రోజులూ ఆవిడ సరిగ్గా అన్నం తినలేదు. కుక్కని కట్టేసి పది రోజులు కనిపెట్టి చూశారు. దానికేమీ కాలేదు. వాడికీ ఏమీ కాలేదు. జిమ్మీ మాత్రం ఆ పది రోజులూ అరవడం మానేసింది. అదేం అర్థం చేసుకుందో!

అందుకని బొచ్చుకుక్కని తెచ్చుకునేవాళ్ళు గుర్తుంచుకోవలసింది, అది తినేటప్పుడు పిల్లల్ని దగ్గరికి పోనివ్వకూడదు. మూడో నెల రాగానే పిచ్చికుక్క రోగానికి టీకా, ఆ తరవాత ఏడాదికోసారి తప్పనిసరి. పెంపుడు కుక్కే గదా అని ఊరుకోవద్దు. కరిస్తే ముందు సబ్బుతో, ధారగా పడే నీళ్ళకింద, పావుగంటసేపు కడగాలి. పసుపూ కారం అద్దొద్దు. ఆ తరవాత ఆసుపత్రికి.

1980ల్లో, 90ల్లో ఈ బొచ్చుకుక్క లేని మధ్యతరగతి వీధి ఉండేది కాదు. విదేశీ జాతులు మనకి అంత సులువుగా వచ్చేవి కావు. ఉన్నదాంట్లో ఇది అందంగా, చవకగా, మన అన్నం తిని బతికేదిగా ఉండేది. ఆపైన 1994లో హిందీలో "హమ్ ఆప్కే హై కౌన్" సినిమా వచ్చింది. తెలుగులో "ప్రేమాలయం" అని చూశాం. దాంట్లో క్రికెట్టాటకి అంపైరుగా కూచున్న తెల్లకుక్క టఫీ ఈ జాతిదే. ఆ సినిమా వచ్చాక ఎన్ని ఇళ్ళలో కుక్కలకి టఫీ అని పేరు పెట్టారో లెక్కలేదు.

ఇక బుంగమూతి కుక్క. పగ్. పేరు వింటే పగ అన్నట్టుంటుంది గాని, ఏ పగా ఎరగని జీవి పాపం. ముఖమంతా ముడతలు, గుండ్రటి కళ్ళు, నల్లటి చదును ముక్కు. పక్కింటివాళ్ళ పిల్లకి కొత్త గౌను కొన్నారని అలిగి కూచున్న చంటిదానిలా ఉంటుంది.

దీనిది చైనా. అక్కడి రాజప్రాసాదాల్లో పుట్టి పెరిగింది. నుదుటిమీది ముడతలు వాళ్ళ లిపిలో రాజు అనే అక్షరంలా కనిపిస్తే మహా గొప్ప అట. ఆ కుక్కకి కాపలా పని లేదు, వేట పని లేదు. ఒళ్ళో కూచోవడమే పని. చైనా వైపు వ్యాపారానికి పోయిన హాలండు ఓడలవాళ్ళు వీటిని యూరపుకి తెచ్చారు. హాలండులో ఒక కథ చెప్పుకుంటారు. 1572లో వాళ్ళ నాయకుడు విలియం శిబిరంలో నిద్రపోతుంటే శత్రువులు రాత్రివేళ మీదపడ్డారనీ, ఆయన కుక్క అరిచి, ముఖంమీదికి దూకి లేపిందనీ. అది పగ్గేనా అని పండితులు తగువులాడుకుంటూనే ఉన్నారు. డెల్ఫ్ట్ నగరంలో ఆయన సమాధిమీద మాత్రం కాళ్ళ దగ్గర ఒక కుక్క బొమ్మ ఉంది. ఆ వంశంవాడే ఇంకో విలియం, 1688లో ఇంగ్లండుకి వచ్చి రాజయ్యాడు. పగ్గులు కూడా వెంటవచ్చాయి. ఫ్రాన్సులో జోసెఫీను కుక్క ఫార్చూన్ సంగతి అందరూ చెప్పుకునేదే. 1794లో ఆవిడ చెరసాలలో ఉంటే పిల్లలతోపాటు అది కూడా వెళ్ళి, మెడపట్టీ కింద ఉత్తరాలు మోసిందట. రెండేళ్ళ తరవాత నెపోలియన్ ఆవిణ్ణి పెళ్ళాడి మంచం దగ్గరికి వస్తే కాలు కరిచిందట. యూరపునంతా గెలిచినవాడు ఇంట్లో కుక్కతో ఓడిపోయాడు!

ఈ కథలన్నీ సరదాగానే ఉన్నాయి గాని, నన్ను ఆపింది ఒక బొమ్మ. ఇంగ్లండులో హోగార్త్ అనే చిత్రకారుడు 1745లో తన బొమ్మ తనే వేసుకున్నాడు. పక్కన తన పెంపుడు పగ్, ట్రంప్ అని పేరు, కూచుని ఉంటుంది. దాని ముఖం చూడండి. మూతి ఉంది! పొడుగేమీ కాదు, కాని స్పష్టంగా ముందుకి ఉంది. కాళ్ళు కూడా ఇప్పటివాటికంటే పొడుగు. అంటే రెండు వందల డెబ్భై, ఎనభై ఏళ్ళకిందట పగ్గుకి ముక్కు ఉండేదన్నమాట. అది ఎక్కడికి పోయింది?

పందాలు, ప్రదర్శనలు మింగేశాయి. 1873లో ఇంగ్లండులో కుక్కల సంఘం ఏర్పడింది. ఏ జాతి ఎట్లా ఉండాలో కాగితంమీద రాయడం, దానికి దగ్గరగా ఉన్నదానికి బహుమతి ఇవ్వడం మొదలైంది. పగ్గుకి చదును మూతి అందమన్నారు. చదునుగా ఉన్నవాటినే జతకట్టించారు. తరతరానికీ ముక్కు లోపలికి పోయింది. బొచ్చుకుక్కకి ఫ్యాషనువల్ల ఒళ్ళు తగ్గితే, దీనికి ఊపిరి తగ్గింది.

మనకి ఇది ఎట్లా వచ్చిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2003లో హచ్ అనే సెల్‌ఫోను కంపెనీ టీవీలో ఒక ప్రకటన వేసింది. చిన్నపిల్లవాడు ఎక్కడికి వెళితే వెనకాల ఒక పగ్ అక్కడికి. మాటలు లేవు, వెనక పాట. మా సిగ్నలు కూడా అంతే, మీ వెంటే ఉంటుంది అని భావం. ఆ కుక్క అసలు పేరు చీకా. 2007లో ఆ కంపెనీని వొడాఫోన్ కొనుక్కుంది, హచ్ అనే పేరే పోయింది. కుక్క మాత్రం ఊరూరా ఉండిపోయింది. "ఆ హచ్ కుక్క కావాలి" అని అడిగి కొన్నవాళ్ళు నాకు తెలుసు. జాతి పేరు కూడా తెలియదు వాళ్ళకి.

మా అన్నయ్య కూతురు హైదరాబాదులో అట్లాగే కొన్నది. దాని పేరు చిట్టి. మంచి కుక్క. పిల్లలు చెవులు లాగినా, టోపీ పెట్టినా, చొక్కా తొడిగినా కిమ్మనేది కాదు. అరుపూ లేదు. గురక మాత్రం మనిషిలా పెట్టేది. "చూడత్తా, మామయ్యలాగే నిద్రపోతుంది" అని మా మేనకోడలు ఫోనులో గురక వినిపించి నవ్వించేది. నవ్వాం అందరం.

2012 మే నెలలో వాళ్ళ బాబుకి పుట్టువెంట్రుకలు తీయించడానికి త్రిపురాంతకం వచ్చారు. నేనూ గుంటూరునించి వెళ్ళాను. చిట్టిని ఒంటరిగా వదలలేక కారులో వెంట తెచ్చారు. మా ప్రాంతం ఎండ సంగతి మీకు చెప్పాలా? మార్కాపురం పలకల రాతి నేల, ఒక వైపు నల్లమల కొండలు. మేలో 43, 44 డిగ్రీలు మామూలు. పది గంటలు దాటితే కొండ మెట్లమీద అరికాలు ఆనదు. అయ్యవారు, మంగలి, బంధువులు అందరూ కుదిరేసరికి పదకొండయింది. పిల్లలు చిట్టిని కూడా నడిపించి పైకి తెచ్చారు. గుళ్ళోకి రానివ్వరు గనక బయట నీడలో కట్టేసి, ఒక పిల్లవాణ్ణి కాపలా పెట్టి లోపలికి వెళ్ళాం.

కొంచెంసేపటికి వాడు పరుగెత్తుకొచ్చాడు. "నాయనమ్మా, చిట్టి ఎట్లనో చేస్తంది" అన్నాడు. నేను వెళ్ళి చూశాను. నాలుక బయటికి వేలాడుతోంది. గొంతులోంచి గర్‌గర్‌మని చప్పుడు. "ఏం కాదురా, ఎండకి కుక్కలు రొప్పవూ? మా జిమ్మీ ఇట్లాగే రొప్పేది" అన్నాను. అన్నది నేనే. ఇంకెవరూ కాదు. అక్కడికి నాలుగడుగుల దూరంలో ఊరకుక్క ఒకటి మట్టి గీరి గుంట చేసుకుని, దాంట్లో పడుకుని హాయిగా రొప్పుతోంది. అదీ రొప్పడమే, ఇదీ రొప్పడమే అనుకున్నాను.

తలనీలాలు అయ్యాక వచ్చి చూసేసరికి నాలుక ఊదారంగుకి తిరిగింది. నురగ. కాళ్ళు నిలవడం లేదు. అప్పుడు కంగారుపడ్డాం. ఒకరు నోరు తెరిచి నీళ్ళు పోశారు. ఒకరు తడితువ్వాలు చుట్టబెట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. కారులో మార్కాపురం వైపు పరుగెత్తించారు. సగం దారి కూడా పోలేదు. మా మేనకోడలు ఆ తువ్వాలుతోనే వెనక్కి తెచ్చింది. శుభకార్యం ఇంట్లో ఏడవకూడదని గట్టిగా ఏడవలేదు. బాబు గుండుకి చందనం పూసి ఉంది. దానికి వాణ్ణి ఎత్తుకునే ఓపిక లేక నా చేతికిచ్చింది.

ఆ తరవాత నేను తెలిసిన పశువైద్యుల్ని అడిగాను, పుస్తకాలు చూశాను. అప్పుడు అర్థమైంది. కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. అరికాళ్ళలో ఏదో కాస్త. ఒంటి వేడి పోవాలంటే రొప్పడమే ముఖ్యమైన దారి. నాలుక తడి, ముక్కులోపలి తడి ఆవిరైపోతూ వేడిని తీసుకుపోతాయి. పొడుగు మూతిలో చుట్టలు చుట్టుకున్న పలచటి ఎముకలుంటాయి, వాటిమీద తడి పొర. మన ఇంట్లో వట్టివేళ్ళ తడిక లాంటిదన్నమాట. పగ్గుకి ఆ తడిక కట్టడానికి చోటే లేదు. పైగా మూతి ఎముక కుదించుకుపోయింది గాని లోపలి మెత్తటి కండ అంతగా తగ్గలేదు. రెండు గదుల సామాను ఒక గదిలో కుక్కినట్టు, అంగిలి వెనకభాగం గొంతుకి అడ్డంపడుతుంది. ముక్కురంధ్రాలు సన్నం. మనం మామయ్యలాగా అని నవ్విన ఆ గురక, గాలి దూరడానికి పడుతున్న అవస్థ. వేడికి గట్టిగా రొప్పుతుంది, రొప్పేకొద్దీ గొంతు వాస్తుంది, వాచేకొద్దీ గాలి ఆడదు, గాలి ఆడకపోతే వేడి పెరుగుతుంది. అట్లా చుట్టు తిరుగుతుంది.

మేం చేసిన చికిత్స కూడా తప్పే. నోట్లో నీళ్ళు పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తడితువ్వాలు చుట్టి ఉంచకూడదు, వేడి లోపలే ఉండిపోతుంది. నీడకి చేర్చి, ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోస్తూ, విసురుతూ, ముందు వేడి దింపాలి. ఆ తరవాతే బండెక్కించాలి. కొండకింద చెరువుంది. నీళ్ళున్నాయి. అయినా ఆ పని చెయ్యలేదు.

ఇంగ్లండులో 2022లో పశువైద్య కళాశాలవాళ్ళు వేలకొద్దీ కుక్కల రికార్డులు పరిశీలించి, ఏడాదిలో పగ్గుకి జబ్బు చేసే అవకాశం మిగతా కుక్కలకంటే దాదాపు రెండింతలని తేల్చారు. ఈ కుక్కని ఇక మామూలు కుక్కగా లెక్కవెయ్యడం కుదరదని కూడా అన్నారు. దీన్ని ఓడల్లో యూరపుకి తెచ్చిన హాలండు దేశమే, 2019నించి మూతి మరీ పొట్టిగా ఉన్న కుక్కల్ని ఈనించకూడదని నిబంధన గట్టిగా అమలు చేస్తోంది. మూడు నాలుగు వందల ఏళ్ళు పట్టింది వాళ్ళకి ఆ తెలివి రావడానికి. మనకి ఒక ప్రకటన చాలింది కొనడానికి.

బొచ్చుకుక్కకి ఎండ బాధ లేదని నేననడం లేదు. రెండు పొరల బొచ్చు వేసుకుని పుట్టింది చలిదేశంలో. జిమ్మీ ఎండాకాలమంతా నీళ్ళకుండ కింద తడినేలమీద పొట్ట ఆనించి పడుకునేది. నడిపించాలంటే తెల్లారకముందు, లేదా దీపాలు పెట్టాక. కాని దానికి ముక్కుంది. ఒక పొరపాటు మాత్రం చెయ్యకండి, వేసవిలో చల్లగా ఉంటుందని గుండు కొట్టించొద్దు. ఆ బొచ్చే ఎండనీ ఆపుతుంది. రాలిపోయే లోపలి ఊలుని దువ్వి తీసేస్తే చాలు.

ఇంటిపని మాటకి వస్తే, పొట్టిబొచ్చు గనక పగ్గు వెంట్రుకలు రాలవనుకుంటారు. తప్పు. విపరీతంగా రాలతాయి, సూదుల్లా దుప్పట్లలో గుచ్చుకుంటాయి. బొచ్చుకుక్కవి పెద్ద వెంట్రుకలు గనక కనీసం చీపురుకి వస్తాయి. దువ్వకపోతే మాత్రం చంకల్లో చెవుల వెనక జడలు కడతాయి. పగ్గుకి ముఖం ముడతల్లో చెమ్మ చేరి వాసన, కురుపులు. రోజూ మెత్తటి గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. కళ్ళు ముందుకి ఉబ్బి ఉంటాయి గనక దెబ్బ తగలడం తేలిక. తిండి ఎంత పెట్టినా తింటుంది, లావెక్కితే ఊపిరి ఇంకా కష్టం. పిల్లల తలలు పెద్దవి గనక చాలాసార్లు ఆపరేషను చేసి తియ్యాలి. బొచ్చుకుక్కకి పళ్ళు తొందరగా గారపట్టి ఊడతాయి, మోకాలి చిప్ప జారుతుంది. జిమ్మీకి పదేళ్ళకే పళ్ళు లేవు. పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టేది మా నాయనమ్మ, మడి కట్టుకునే ముందు. రెండిటికీ ఉల్లిపాయ, వెల్లుల్లి, చాక్లెట్టు, ద్రాక్ష పడవు. పాయసంలో కిస్మిస్ ఉంటే ఆ పాయసం కూడా పెట్టొద్దు.

మరి పిల్లలకి ఏది మంచిది అంటే, పిల్లలు చేసే అల్లరి భరించడంలో పగ్గే మంచిది. చిట్టిలాంటి ఓర్పు జిమ్మీకి జన్మలో లేదు. అది ఒప్పుకుని తీరాలి. ఇప్పటికే ఇంట్లో పగ్ ఉన్న సోదరీమణులు దాన్ని చూసి దిగులు పడొద్దు, వదిలెయ్యనూ వద్దు. దాని పుట్టుకలో దాని తప్పేముంది? ఎండపొద్దున బయటికి తీసుకుపోకండి. మెడపట్టీ బదులు ఛాతీకి వేసే పట్టీ వాడండి. గురక ఎక్కువైతే వైద్యుడికి చూపించండి, ముక్కురంధ్రాలు వెడల్పు చేసే ఆపరేషను ఉంది. కొత్తగా కొనేవాళ్ళకి మాత్రం నా సలహా వేరు. మనం కొన్నకొద్దీ ఇంకో నాలుగు ముక్కులేని పిల్లల్ని పుట్టిస్తారు.

ఇదంతా మా కోడలికి ఫోనులో అరగంట చెప్పాను. హోగార్త్ బొమ్మ సంగతి కూడా చెప్పాను. చిట్టి సంగతి ఆ అమ్మాయికి తెలియదు. పెళ్ళికి ముందు జరిగింది. అంతా విని కాసేపు ఊరుకుంది. తరవాత, "సరే అత్తయ్యా, బొచ్చుకుక్కే తెచ్చుకుందాం. ట్రాన్స్‌ఫరయి వెళ్ళిపోతూ ఎవరో నాలుగేళ్ళదాన్ని మా అపార్టుమెంటు వాచ్‌మాన్‌కి వదిలిపోయారు. పాప రోజూ దానికి బిస్కెట్లు పెడుతోంది. దాన్నే తెస్తాను" అంది.

నాకు సంతోషమేసింది. "తినేటప్పుడు పాపని దగ్గరికి పోనివ్వకు" అన్నాను.

"సరే. మరి అరుపో?" అంది.

"దానికి నేనేం చెయ్యను తల్లీ, పక్కింటావిడకి ముందే ఒక గిన్నెడు పాయసం ఇచ్చి చెప్పి ఉంచు" అన్నాను.

సెలవు.